మైకు ఆటో దగ్గిన వారం

నర్సీపట్నంలో ఎవరి మేకపోతు తప్పిపోయినా, ఏ బట్టల కొట్టువాడు ఆషాఢం తగ్గింపు పెట్టినా, తీగల మరమ్మతుకని కరెంటు తీసేస్తున్నా, ఊరికి ఆ కబురు ముందు చేరేది మన్మథరావు గొంతులోంచే. ఆటో నెత్తిన రెండు బాకాలు, వెనక సీటు కింద బ్యాటరీ, ఒక చేతిలో హ్యాండిలు, ఇంకో చేతిలో మైకు. మనిషికి యాభై ఒకటి దాటాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు పెన్‌డ్రైవులో గొంతు నింపుకుని ఊరి మీదికి వదిలేస్తున్నారు. మన్మథరావుకి అది నచ్చదు.

"రికార్డింగుకి ఎదురుగా ఎవులొస్తన్నారో తెలీదు. నాకు తెలస్తాది" అంటాడు.

అది గొప్ప కోసం అన్న మాట కాదు. శ్రీకన్య సెంటర్లో తెలిసిన మొహం కనబడితే, పట్టుచీరల ప్రకటన మధ్యలో ఆపి, "ఓ చిట్టిరాజు, మీ ఇంటికాడ సుట్టాలు దిగున్నారు, బేగి ఎల్లు" అని చెప్పి, మళ్లీ చీర అంచు దగ్గర అందుకుంటాడు. విన్నవాళ్లకి ఆ చిట్టిరాజు కూడా చీరల ప్రకటనలో భాగమే అనిపిస్తుంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. అతనూ, భార్య కామమ్మా, ఆమె తల్లి అప్పాయమ్మా. ఒక్కతే కూతురు, పెళ్లయి పాయకరావుపేటలో ఉంటుంది. అప్పాయమ్మది కోటవురట్ల పక్క పల్లె. డెబ్బై రెండేళ్లు, షుగరు, చలి గాలి తగిలితే ఆయాసం, కాస్త చెవుడు. ఆరేళ్లుగా కూతురి దగ్గరే ఉంటోంది. పాతకాలం మనిషి కాబట్టి అల్లుడితో నేరుగా మాట్లాడదు. అతను పక్కన పీట మీద కూర్చుని ఉన్నా సరే, "కామా, ఆయన్ని అన్నానికి రమ్మను" అని గోడకేసి చెబుతుంది. అతనూ తక్కువ తినలేదు. "కామా, మీ అమ్మ మాత్రేసుకున్నాదేటో కనుక్కో" అంటాడు. రెండడుగుల దూరానికి కామమ్మ పోస్టాఫీసు పని చేస్తుంటుంది.

తనంటే అత్తగారికి పడదని మన్మథరావు మనసులో ఉండేది. ఊరి మీద తిరిగి కేకలు వేసేవాడికి పిల్లనిచ్చాం అని పెళ్లినాడు ఆవిడ కళ్లొత్తుకుందట. అది చూసినవాళ్లెవరో అప్పుడే అతని చెవిన వేశారు. ఇరవయ్యారేళ్లయినా ఆ మాట చెవిలోంచి దిగలేదు.

రెండేళ్ల కిందట ఆగస్టు నెల చివర వానలు తెరిపి లేకుండా పట్టుకున్నాయి. వానల వెనకే జ్వరాలు వచ్చాయి. పెద్దాసుపత్రి ఓపీ ముందు జనం గొడుగులతోనే వరసలో నిలబడ్డారు. అక్కడ కొత్తగా చేరిన డాక్టరు చిన్మయి మన్మథరావుని పిలిపించి చేతిలో ఒక కాగితం పెట్టింది.

"ఇది ఫ్లూ గురించి, మన్మథరావు గారూ. వారం రోజులు ఊరంతా చెప్పాలి. మీరు చెబితేనే వింటారట కదా" అంది.

ఆ మాటతో అతని ఛాతీ చొక్కా గుండీల దాకా వచ్చింది. మర్నాటి నుంచి పెదబొడ్డేపల్లి మొదలుకుని బలిఘట్టం దాకా ఆటో తిరిగింది. "హఠాత్తుగా జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు, గొంతునొప్పి వస్తే ఫ్లూ కావచ్చును. దగ్గినా తుమ్మినా మోచేయి మడత అడ్డం పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. అరవై దాటినవారు, గర్భిణులు, పసిపిల్లలు, షుగరు, ఉబ్బసం ఉన్నవారు ఆలస్యం చేయకుండా, మొదటి రెండు రోజుల్లోనే ఆసుపత్రికి రావాలని మనవి."

మూడోరోజు పొద్దున్న కూరగాయల బజారు దగ్గర, సరిగ్గా పొడిదగ్గు అన్న మాట దగ్గర, మన్మథరావుకి దగ్గు వచ్చింది. మైకులోనే దగ్గాడు. రెండు బాకాలూ దగ్గాయి. బజారంతా ఒక్కసారి తలెత్తి చూసింది. తరవాత నవ్వింది. ఉల్లిపాయలమ్మే అప్పలలక్ష్మి తూకం వదిలేసి, "ఎంత బాగా దగ్గావు బావూ, మా ఆయన దగ్గినట్టే ఉన్నాది. ఇంకోపాలి దగ్గు" అంది.

కళాకారుణ్ని మెచ్చుకుంటే ఆగుతాడా? దగ్గు రాకపోయినా దగ్గాడు. ప్రతి సెంటర్లోనూ జనం దగ్గు కోసమే గుమిగూడారు. మధ్యాహ్నానికి అతను కావాలని దగ్గవలసిన అవసరం లేకుండా పోయింది. ఒళ్లు కాస్త వెచ్చబడినట్టు అనిపించినా పట్టించుకోలేదు. పాతికేళ్లలో ఒక ప్రకటనకి అంత పేరు రావడం అదే మొదలు.

మర్నాడు లేచేసరికి నడుం విరిచి మూట కట్టినట్టుంది. కళ్ల వెనక ఎవరో రుబ్బుతున్నారు. అయినా, ఎదురుచూసే జనాన్ని ఏం చేయడం? పైగా ఆ రోజు బట్టల కొట్టువాళ్ల పని కూడా ఒప్పుకున్నాడు. జేబులో రెండు కాగితాలు పెట్టుకుని ఆటో ఎక్కాడు. అబీద్ సెంటరు చేరేసరికి రోడ్డు మెత్తగా, దూదిపరుపులా తోచింది. దుకాణాల బోర్డులు మెల్లగా ఊగుతున్నాయి. నగల కొట్టు బోర్డు మీది అమ్మాయి తనను చూసి తల పంకించింది. అతనూ మర్యాదకి తల పంకించాడు. ఎందుకో లోపల్నించి నవ్వు తన్నుకొచ్చింది. మైకు తీశాడు.

"నర్సీపట్నం పురప్రజలకు శుభవార్త. ఒక జ్వరానికి ఒక జాకెట్టు ముక్క ఉచితం. పట్టుచీరను మోచేయి మడతలో పెట్టుకుని తుమ్మండి. అరవై దాటినవారికి యాభై శాతం తగ్గింపు. గర్భిణులు, పసిపిల్లలు ముందుగా రంగులు ఎంచుకోవాలని మనవి. ఈ అవకాశం మొదటి రెండు రోజులు మాత్రమే."

సెంటరు సెంటరంతా పొట్ట పట్టుకుంది. బస్సులోంచి కండక్టరు తల బయటపెట్టి, "జాకెట్టు ముక్క ఏ రంగండీ" అని అడిగాడు. జనం నవ్వుతుంటే మన్మథరావుకి ఇంకా హుషారెక్కింది. అలా నవ్విస్తూ, దగ్గుతూ, ఆటోని ఆసుపత్రి గేటు ముందు నుంచి పోనిచ్చాడు.

లోపల రోగిని చూస్తున్న చిన్మయి చెయ్యి ఆగింది. ఆమెకి వినబడింది ప్రకటన కాదు, మాటకీ మాటకీ మధ్య ఆ మనిషి ఊపిరి అందుకుంటున్న తీరు. స్టెతస్కోపు మెళ్లోనే ఉండగా గేటు దాకా వచ్చి ఆటోకి అడ్డంగా నిలబడింది.

"ఎప్పట్నుంచి ఈ దగ్గు?"

"నిన్న పొద్దుటేల నుంచమ్మా. నటన."

ఆమె అతని చెయ్యి పట్టుకు చూసింది. "జ్వరం కూడా నటనేనా?"

లోపల థర్మామీటరు నూట రెండున్నర చూపించింది. వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ చూసింది. అది బాగానే ఉంది. ఊపిరితిత్తులు విని, షుగరు ఉందా అని అడిగింది. నాలుగేళ్లుగా ఉందని చెప్పాడు. నర్సు వచ్చి పొడవాటి దూదిపుల్ల ముక్కులో పెట్టింది. అది ముక్కులోంచి మొదలై తన చిన్నతనం దాకా వెళ్లినట్టనిపించింది మన్మథరావుకి. కళ్లనీళ్లు పెట్టుకుని బలంగా తుమ్మాడు. అంత జ్వరంలోనూ మోచేయి మడత మాత్రం మర్చిపోలేదు.

"ఇది విశాఖపట్నం ల్యాబుకి పంపిస్తాం. రిజల్టు రావడానికి రెండు రోజులు పడుతుంది. మందు మాత్రం ఇప్పుడే మొదలుపెడుతున్నాను. మీకు షుగరు ఉంది కాబట్టి ఆగకూడదు. ఈ మందు మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పని చేస్తుంది" అంది చిన్మయి.

"మాత్రలతో సరిపెడతారేటమ్మా. రెండు యాంటీబయాటిక్ సూదులు, ఓ సెలైన్ బాటిలు పెట్టీయండి. సాయంత్రానికి మళ్లీ మైకట్టుకుంటాను."

"చీమల మందు చల్లితే ఎలకలు పోతాయా? యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. ఫ్లూ వైరస్. దానికి ఇదీ మందు, ఒసెల్టామివిర్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. జ్వరానికి పారాసిటమాల్. నీళ్లు బాగా తాగండి. షుగరు మాత్రలు మానకండి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మగతగా అయిపోయినా వెంటనే వచ్చేయాలి. ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

అప్పాయమ్మ వయసూ, ఆయాసం సంగతీ చెప్పగానే ఆమె మొహంలో నవ్వు తగ్గింది. "మీరు వేరే గదిలో ఉండండి. మాస్కు పెట్టుకోండి, కిటికీలు తీసి ఉంచండి. ఆవిడకి ఒళ్లు కాస్త వెచ్చబడినా, తగ్గుతుందేమో చూద్దామని ఆగకండి. ఆ రోజే తీసుకురండి."

"మరి ప్రకటన?"

"మీ గొంతుకి కూడా సెలవు ఇచ్చాను."

ఆ సాయంత్రం నుంచి మన్మథరావు వీధివైపు గదిలో ఖైదీ అయ్యాడు. తలుపు బయట పీట మీద కామమ్మ చారన్నం పెట్టి వెళ్లేది. జ్వరం ఎక్కినప్పుడల్లా అతనికి ఏదో ఒకటి ప్రకటించాలనిపించేది. ఫ్యానుకి మూడు రెక్కలున్నవని, మూలనున్న ఇనప్పెట్టె తప్పిపోలేదని ప్రకటించబోయి, గొంతు పెగలక ఊరుకునేవాడు. దగ్గుల మధ్యలో, ముక్కులో పెట్టిన పుల్ల గురించి కామమ్మకి కథలు కథలుగా మాత్రం చెప్పాడు.

మర్నాడు కామమ్మ తలుపు అవతల నిలబడి, "మావా, ఆటో ఊరికినే ఉన్నాది. డాక్టరమ్మ పని వారం అన్నారు కదేటి. నేనెల్లొస్తాను" అంది.

ఆమెకి ఆటో నడపడం కరోనా ఏడాది అతనే నేర్పాడు. మైకు మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. రెండు చేతులూ హ్యాండిలు మీద ఉండాలి కాబట్టి, కూతురు కొనిచ్చిన, చెవికి తగిలించుకునే మైకు తీసుకుంది. మన్మథరావు ఏనాడూ వాడని వస్తువు అది. కాగితం తీసుకుంది గానీ, 'హఠాత్తుగా' అన్న మాట దగ్గరే నోరు తిరగక మడిచి బొడ్లో దోపుకుంది.

ఇంకో గంటకి అతనికి కిటికీలోంచి వినబడింది.

"అమ్మలారా, అప్పలారా, తుమ్మొస్తే సేతిలోకి తుమ్మీకండి. ఆ సేత్తోనే కదేటి పిల్లలకి ముద్దలెడతాం. మోచేతిలోకి తుమ్మండి. జొరమొస్తే మూడ్రోజులు సూద్దారని కూకోకండి. మా ఆయన దగ్గతుంటే మీరందరూ నవ్వినారు, నానూ నవ్వినాను. ఆయనిప్పుడు మంచమ్మీదున్నాడు. ముసిలోళ్లుంటే బేగి ఆసుపత్రికి తీసుకెల్లండి."

మన్మథరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. ప్రకటనలో మనవి అన్న మాట లేదు, పురప్రజలు లేరు. కానీ ఎదురింటి గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లు కబుర్లాపి వింటున్నారు. అతనికి రవ్వంత ఉక్రోషం వచ్చింది. అది పోయాక ఒళ్లంతా గర్వమైంది. గర్వమో, జ్వరమో తేల్చుకోలేక పారాసిటమాల్ వేసుకున్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం కామమ్మ ప్రకటన మధ్యలో అన్నానికి ఇంటికొచ్చింది. తల్లి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా వణుకుతోంది. చెయ్యి వేసి చూస్తే నుదురు కాలిపోతోంది. కామమ్మ రెండో మాట లేకుండా ఆవిడకి దుప్పటి చుట్టి ఆటోలో వెనక కూర్చోబెట్టి, కదిలిపోయింది. కదిలిపోతూ గదిలోకి ఒక్క కేక మాత్రం వేసింది. మన్మథరావు వెంట వెళ్లడానికి లేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

ఆటో వీధి మలుపు తిరిగిన మరుక్షణం ఊరంతా కామమ్మ గొంతు మోగింది.

"దుప్పటి మీదకి లాక్కోయే. సలిగాలి."

మన్మథరావుకి ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమయ్యింది. మైకు ఆమె చెవికే ఉంది, ఆపలేదు. రెండు రోజులుగా బాకాల మోతకి అలవాటుపడ్డ చెవులకి, ఆ కంగారులో, ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఫోను చేశాడు. ఫోను వంటింట్లో చారుగిన్నె పక్కన మోగింది. కిటికీలోంచి అరవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. చెవుడు మనిషి కాబట్టి అప్పాయమ్మ కూతురి చెవి దాకా వంగి, గట్టిగా మాట్లాడుతోంది. ఆ చెవికే మైకుంది.

"ఇంత మాత్రానికి ఆసుపత్రేటే."

"జొరం ఎప్పటినుంచి?"

"ఇప్పుడే."

"నిజం సెప్పు."

"రేత్రి నుంచి."

"రేత్రి నుంచీ ఉంటే సెప్పవేటమ్మా. నాను ఊరందరికీ బేగి రండి, బేగి రండని సెప్తన్నాను. ఇంట్లో నువ్వు దాసీసావు."

"సెప్తే ముక్కులో పుల్లెడతారంట కదా. ఆయన నీకు సెప్తంటే ఇన్నాను."

పక్కింటి డాబా మీద బట్టలు తీస్తున్న సూరన్న నవ్వలేక నవ్వలేక పిట్టగోడ పట్టుకున్నాడు. "ఊరుకో మన్మథం, నువ్వు నాలుగు రోజులు సెప్పిన దానికన్నా మీ అత్తే బాగా సెప్తంది" అని కిటికీకేసి కేకేశాడు. అవతల బజారులో ఏమవుతోందో గాని, హారన్లు ఆగిపోయాయి. ఊరు ఊపిరి బిగబట్టి వింటోందని పాతికేళ్ల అనుభవం అతనికి చెప్పింది.

"ఆయనికి సారు ఇచ్చావా?" అప్పాయమ్మ గొంతు కాస్త దూరంగా, కానీ స్పష్టంగా వినబడింది.

"ఇచ్చాను."

"మిరియాలు దండిగా ఎయ్యి. ఆయనికి కారం ఇష్టం. ఊరి మీద అంత కేకలేసేటోడు, ఇంట్లో ఒక్కనాడు గొంతెత్తినాడేటే? పెళ్లినాడు ఏడిసినాను, తెలివితక్కువ దాన్ని. మూడ్రోజులై ఆ గొంతు ఇనపడక నాకు ముద్ద దిగనేదు."

"ఆ మాట ఆయనతోనే సెప్పొచ్చు కదేటి."

"అల్లుడితో మాటాడతారేటే. నువ్వూ సెప్పీకు."

మన్మథరావు కిటికీ ఊచలు వదిలి నేల మీద కూలబడ్డాడు. నవ్వు వచ్చింది, నవ్వులోంచి దగ్గు వచ్చింది, దగ్గులోంచి కళ్లనీళ్లు వచ్చాయి. మాస్కు తడిసి ముద్దయింది. వచ్చినవన్నీ రానిచ్చి, లేచి ఇంకో మాస్కు పెట్టుకున్నాడు.

ఆసుపత్రి మెట్ల మీద చిన్మయి చక్రాల కుర్చీతో సిద్ధంగా ఉందట. అబీద్ సెంటరు దగ్గర్నుంచే రోగి చరిత్రంతా విన్నాను, ఇంక అడగవలసింది ఏమీ లేదు అందట. అప్పాయమ్మ ఆక్సిజన్ తొంభై రెండుకి దిగింది. వార్డులో చేర్చుకుని గాలి పెట్టారు. రిజల్టు కోసం చూడకుండా ఆ గంటలోనే మొదటి మాత్ర వేశారు. పుల్ల కూడా పెట్టారు. "ఓస్, ఇంతేనా" అందట ఆవిడ. మన్మథరావు రిజల్టు ఆ సాయంత్రమే ఫోనులో వచ్చింది, ఫ్లూ అని. అత్తగారిదీ అదే అని ఇంకో రెండు రోజులకి తేలింది.

అతనికి నాలుగోనాటికి జ్వరం విడిచింది. మాత్రలు ఐదురోజులూ పూర్తి చేసి, ఇంకో రోజు ఆగి, డాక్టరు సరేనన్నాక మాస్కు పెట్టుకుని వార్డుకి వెళ్లాడు. అప్పటికి అప్పాయమ్మ గాలిమాస్కు లేకుండా కూర్చుంటోంది. తన మాటలు ఊరంతా విన్నదని పక్క మంచం ఆవిడ ఆ పొద్దున్నే చెప్పిందట. అల్లుడు గుమ్మంలో కనబడగానే ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

మన్మథరావు మంచానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "కామా, మిరియాలు సరిపోయాయని మీ అమ్మకి సెప్పు" అన్నాడు.

కామమ్మ, ఈసారి మీ కబురు నేను మొయ్యను అన్నట్టు, కిటికీలోంచి చూస్తూ నిలబడింది. దుప్పటి లోపల్నించి వచ్చింది మాట.

"మీరు కూకోండి బాబూ. నిలబడితే మళ్లీ జొరమొస్తాది."

ఇరవయ్యారేళ్లలో మొదటి మాట. అతను కూర్చున్నాడు. ఊరికి ఎన్నో చెప్పినవాడు అరగంట సేపు ఊరికే కూర్చుని, అరటిపండు వలిచి ఇచ్చి వచ్చాడు.

ఆ వారం ఓపీకి వచ్చిన ముసలివాళ్లు చాలామంది, "అప్పాయమ్మ లాగ దాసుకోనేదమ్మా, నిన్ననే మొదలైంది" అని చెప్పుకున్నారని చిన్మయి తరవాత నవ్వుతూ చెప్పింది. డిశ్చార్జి రోజున ఇంకో మాట కూడా చెప్పింది. వచ్చే ఏడాది వానలు పడకముందే ముగ్గురూ ఫ్లూ టీకా వేయించుకోవాలి.

"టీకా ఏస్కుంటే ఇంక రాదా అమ్మా?" అని అడిగాడు మన్మథరావు.

"అస్సలు రాదని చెప్పలేను. వచ్చినా ప్రాణం మీదకి రాకుండా చాలావరకు కాస్తుంది. వేశాక పని మొదలుపెట్టడానికి రెండు వారాలు కావాలి, అందుకే వానల కంటే ముందు. ఈ వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది, అందుకే టీకా ఏటేటా."

మరుసటి ఏడు జూన్ మొదట్లో ముగ్గురూ వేయించుకున్నారు. వరసలో ముందు నిలబడింది అప్పాయమ్మే. జబ్బ రెండ్రోజులు నొప్పి పెట్టింది, అంతే. ఆ వానాకాలంలో మన్మథరావుకి ఓసారి జలుబు చేసింది గానీ మంచం ఎక్కలేదు. అప్పాయమ్మకి అదీ లేదు.

వానలు వెనకపట్టాక ఒక శనివారం పొద్దున్న, ఉపమాక వెంకన్న దర్శనం చేయించమని అప్పాయమ్మ అల్లుణ్నే అడిగింది. ఆటో మీది బాకాలు విప్పి ఇంట్లో పెట్టి ముగ్గురూ బయలుదేరారు. కామమ్మ నడుపుతానంటే మన్మథరావు వెనక అత్తగారి పక్కన కూర్చున్నాడు. నక్కపల్లి దారిలో రోడ్డు కడిగినట్టుంది. రెండు పక్కలా వరిచేలు గాలికి ఒకవైపే వాలి లేస్తున్నాయి. ఎదురు గాలికి అప్పాయమ్మ కొంగు ఎగిరి అల్లుడి మొహాన కప్పింది. ఆవిడ తీయబోయింది. అది మళ్లీ ఎగిరింది. ఆవిడకి నవ్వాగలేదు. నోట్లో పళ్లు నాలుగే ఉన్నా నాలుగూ బయటపెట్టి నవ్వింది.

"నెమ్మదిగా పోనీయవే" అన్నాడు మన్మథరావు కొంగు లోపల్నించి.

"ఎందుకు బాబూ నెమ్మది. ఇంకా బేగి పోనీ కామా" అంది అప్పాయమ్మ.

కామమ్మ పోనిచ్చింది.